గిన్నెలకు మాత్రమే వినబడే పాట

సినిమా పాటల మీద, నేపథ్య సంగీతం మీద తెలుగులో వచ్చే సమీక్షలు ఓ పది తీసి చూడండి. మెచ్చుకోలు మాట దాదాపు అన్నిట్లో ఒకటే: అదిరింది. ఉత్సాహం ఇంకాస్త ఎక్కువైతే దద్దరిల్లింది, మోత మోగిపోయింది. ఈ మాటలన్నీ గోడకో, కిటికీ అద్దానికో, గుండెకో జరిగిన సంగతి చెప్తాయి. చెవికి ఏం జరిగిందో ఒక్కటీ చెప్పదు. భాషలో ఇదొక సరదా అలవాటులే అని ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నాను. ఈమధ్య ఒక బేస్ గిటార్ ఆంప్ ఎంచవలసి వచ్చి, రకరకాల పెట్టెలు వాయించి చూశాక ఆ సరదా పోయింది. మనం వినడం మానేశాం. ఈ వ్యాసం దాని మీద ఫిర్యాదు.

ముందు నా సంగతి. చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేర్ పని, అదీ ఇంటి నుంచే. కర్నూలు శివార్లలో ఒక చిన్న ప్రార్థనా మందిరంలో ఆదివారాలు బేస్ వాయిస్తాను. మా వైపు చిన్న ఊళ్లలో మనిషి చేతుల్లో బేస్ గిటార్ కనబడేది ఎక్కువగా చర్చీల్లోనే. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ఆ పని కీబోర్డు వాయించేవాడి ఎడమచెయ్యి చేసేస్తుంది. మాది రేకుల కప్పు హాలు. అరవై డెబ్భై మంది పడతారు. ఒక గోడకు అవతల పక్కిల్లు. అందులో ఒక అవ్వ ఉంటుంది.

పోయిన క్రిస్మస్‌కి సౌండ్ సప్లయర్ దగ్గర 18 అంగుళాల స్పీకర్లున్న డీజే బాక్సులు రెండు అద్దెకు తెచ్చి, నా గిటార్ని కూడా వాటిలోకే కలిపారు. అందరూ అదిరిందన్నారు. మర్నాడు అవ్వ నన్ను వాకిట్లో ఆపింది. "మీ పాట మాకు యాడ ఇనపడతాది నాయనా, మా గిన్నెలకే ఇనపడతాది" అంది. నవ్వాను. ఆమె రాత్రంతా నిద్రపోలేదని లోపల్నుంచి కోడలు చెప్పాక నవ్వు ఆగిపోయింది.

ఇప్పుడు మా కమిటీ ఆ బాక్సుల్ని సొంతంగానే కొనాలనుకుంటోంది. బేస్ వాయించేవాణ్ని కాబట్టి నన్నూ అడిగారు. చిన్న ఆంప్ ఒకటి చాలన్నాను. "ఇంత డబ్బాలో బేసేం వస్తాదప్పా?" అని ఒక పెద్దాయన తేల్చేశాడు. చూసొచ్చి చెప్తానన్నాను.

హైదరాబాదులో ముందు 3 వాట్ల, 3 అంగుళాల స్పీకరున్న బొమ్మలాంటి ఆంప్ వాయించాను. తర్వాత ఫెండర్ రంబుల్ 40: పది అంగుళాల స్పీకరు ఒకటి, 40 వాట్లు, బరువు ఎనిమిది కిలోల పైచిలుకు. తర్వాత ట్రేస్ ఇలియట్ ఎల్ఫ్: 200 వాట్ల హెడ్డు, బరువు కిలో కూడా లేదు. పాతకాలపు ఆంపుల్లో ఇనప ట్రాన్స్‌ఫార్మరు, వేడిని లాగే అల్యూమినియం దిమ్మ కలిసి నడుము విరిచేవి. ఇప్పటి క్లాస్ డి పద్ధతిలో ట్రాన్సిస్టర్లు స్విచ్చుల్లాగా సెకనుకు కొన్ని లక్షలసార్లు పూర్తిగా వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. మధ్యలో సగం తెరిచి ఉండే స్థితి లేదు కాబట్టి వేడిగా పోయే కరెంటు చాలా తక్కువ. కర్నూలు మే నెలలో రేకుల కింద వాయించేవాడికి ఇది చిన్న విషయం కాదు.

సరే, వాట్లు వచ్చాయి. బేస్ వచ్చిందా? పెద్దాయన ప్రశ్నలో న్యాయం ఉంది, దాచను. లౌడ్‌స్పీకర్ల ప్రపంచంలో హాఫ్‌మన్ సూత్రం అని ఒకటుంది. కేఎల్‌హెచ్ స్పీకర్ల కంపెనీ పేరులోని 'హెచ్' ఆయనే. పెట్టె చిన్నదిగా ఉండాలి, లోతైన స్వరం పలకాలి, తక్కువ కరెంటుకే గట్టిగా మోగాలి. ఈ మూడింటిలో రెండే నీకు దక్కుతాయి, మూడోది వదులుకోవాలి. అడ్డదారి లేదు. నాలుగు తీగల బేస్ గిటార్లో అన్నిటికంటే మందపు తీగ పలికేది 41 హెర్ట్‌జ్. నేను వాయించిన చిన్న పెట్టెలేవీ దాన్ని నిండుగా పలకవు. 60, 70 దగ్గర్నుంచే కిందికి జారడం మొదలవుతుంది.

అయినా స్వరం వినబడుతుంది. తీగ మీటితే 41 ఒక్కటే రాదు, దాని రెట్టింపులూ మూడింతలూ 82, 123 అలా పైకి వస్తూనే ఉంటాయి. ఆ మెట్ల మధ్య దూరాన్ని బట్టి అసలు స్వరం ఏదో మన మెదడు కూర్చుకుంటుంది. అందుకు సాక్ష్యం మీ ఇంట్లోనే ఉండేది. ఇళయరాజా పాటల్లో శశిధరన్ బేస్ ఎట్లా నడుస్తుందో, పల్లవి కింద ఎక్కడ ఆగి ఎక్కడ ఎగబాకుతుందో చాలామంది మొదట విన్నది అరచేతి వెడల్పు స్పీకరున్న ట్రాన్సిస్టర్ రేడియోలో. ఆ స్పీకరు 41 హెర్ట్‌జ్‌ని జన్మలో పలకలేదు. కానీ 'గీతాంజలి' వచ్చిన 1989లో ఆ రేడియోల ముందు కూర్చున్నవాళ్లకు బేస్ వినబడలేదని ఎవరైనా అంటారా? పద్దెనిమిది అంగుళాలు లేని కాలంలో విన్న చెవులవి.

అంకెల మోసం ఇంకొకటుంది. ఒకప్పుడు టేప్‌రికార్డర్ల మీద 'పీఎంపీఓ' అని వేల వాట్లు రాసి అమ్మేవాళ్లు. ఆ కొలతకు ప్రమాణమంటూ ఏమీ లేదు. ఇప్పుడు ఆ స్టిక్కర్ పోయింది, ఆశ మిగిలింది. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్లు. చెవికి రెండింతలు గట్టిగా అనిపించాలంటే పదింతల వాట్లు కావాలి. అంటే 40 వాట్ల మీద రెండింతలు కావాలంటే 400. అదే 3 డెసిబెల్లు, ఎక్కువ సున్నితమైన స్పీకరు ఎంచుకుంటే ఒక్క వాటూ పెంచకుండా వస్తాయి. ఆంప్ మీద రాసిన వాట్లు చాలాసార్లు 4 ఓమ్‌ల లెక్క. 8 ఓమ్‌ల క్యాబినెట్ తగిలిస్తే అంత రాదు. స్పీకరు సున్నితత్వం ఎంత, ఓమ్‌లు ఎన్ని అని అడిగేవాణ్ని నేను మా వైపు చూడలేదు. "ఎన్ని వాట్లు? గుండె అదరల్ల" అంతే.

తర్వాత కడప వెళ్లాను. అక్కడ ఒక మిత్రుడి దగ్గర అలాంటి చిన్న హెడ్డూ, 12 అంగుళాల స్పీకరు క్యాబినెట్టూ ఉన్నాయి. గది పొడవు 14 అడుగులు, కింద కడప బండలు, చుట్టూ నున్నటి సిమెంటు గోడలు. పెట్టె మూలన ఉంది. మందపు తీగ మీటితే గదంతా హోరు, పై తీగలకు వెళ్తే బేస్ ఎటో పోయింది. "నీ డబ్బాలో ఏదో లోపం రా" అన్నాను. లోపం గదిది. ముప్పై రెండు డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుంది. 14 అడుగుల గదిలో రెండు గోడల మధ్య నిలబడిపోయే అల 41 హెర్ట్‌జ్. అంటే మా మందపు తీగ స్వరమే. ఆ గది ఆ ఒక్క స్వరానికి తనే స్పీకరైంది. పెట్టెను మూలనుంచి జరిపి, స్టూలు మీదికెత్తి, బేస్ మీట కొంచెం తగ్గించాక పాట తేటపడింది. ఇంత తక్కువ పలికే పెట్టెకే గది ఇట్లా రెచ్చిపోతే, అక్కడ 18 అంగుళాల బాక్సులు పెడితే ఏమవుతుంది? ఏ పాటైనా ఒకే స్వరం. మన ఫంక్షన్ హాళ్లలో ప్రతి పాటా ఒకేలా ఎందుకు మోగుతుందో నాకప్పుడు అర్థమైంది.

ఇక్కడ నా ఫిర్యాదులోకి చట్టాన్ని కూడా లాగాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు మించకూడదు. ఆ కొలత 'ఏ' రకం డెసిబెల్లలో. అంటే చెవి తక్కువ శబ్దాన్ని ఎట్లా వింటుందో ఆ లెక్కలో లోతైన స్వరాలకు మినహాయింపు ఇస్తుంది. 50 హెర్ట్‌జ్ దగ్గర ఆ మినహాయింపు 30 డెసిబెల్లు. ఒక్క 50 హెర్ట్‌జ్ మోతే ఉందనుకుంటే, నిజంగా 85 డెసిబెల్లున్నా మీటరు 55 అనే చూపిస్తుంది. పోలీసాయన మీటరు పట్టుకుని వచ్చినా అంతా సబబే. గోడలు బాగా ఆపేది పై స్వరాలను. కింది స్వరాలు గోడలోంచి నడిచిపోతాయి. అవతల గిన్నెల్ని కదిపేవి అవే, మీటరు వదిలేసేవీ అవే. మా అవ్వ గిన్నెల స్టాండు ఆ మీటరు కంటే నిజం చెప్పింది.

నాకు రెండు వైపుల నుంచీ అభ్యంతరాలు వస్తాయని తెలుసు. మొదటిది నాలాంటి గిటార్ పిచ్చివాళ్ల నుంచి: ఫ్రిజ్ అంత క్యాబినెట్, ఎనిమిది స్పీకర్లు లేకపోతే అది బేసే కాదంటారు. ఆ ఫ్రిజ్ ఎందుకు పుట్టిందో చూడాలి. ఆంపెగ్ కంపెనీ 300 వాట్ల ఎస్‌వీటీ 1969లో వచ్చింది. ఆ ఏడు అమెరికా పర్యటనలో రోలింగ్ స్టోన్స్ వాడారు. వేలమంది కూర్చునే అరీనాల కోసం చేసిన యంత్రం అది. అదే కంపెనీ 1960లో తెచ్చిన బి-15లో ఒకటే స్పీకరు, పాతిక ముప్పై వాట్లు. మోటౌన్ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ క్లబ్బుల్లో దానితోనే వాయించాడు. స్టూడియోలో అయితే ఆంప్ కూడా లేకుండా తీగ నేరుగా రికార్డింగ్ డెస్కులోకే. అరవై మంది హాల్లో అరీనా యంత్రం ఎందుకు?

రెండోది బరువైన అభ్యంతరం. జనం పండగ చేసుకుంటుంటే చెవులు మూసుకునే అపార్ట్‌మెంటు మనిషి గోల ఇది, నీకు డప్పు కూడా గిట్టదేమో అంటారు. అడగవలసిన ప్రశ్నే. కానీ ఈ నేలకు లోతైన స్వరం నేర్పింది డీజే కాదు. డప్పు వాయించేవాడు ముందు మంట వేసి, చర్మాన్ని కాచి, బిగువు చెవితో చూసుకుని గానీ దెబ్బ వేయడు. అనంతపురం వైపు ఉరుము వాద్యాన్ని పుల్లతో రుద్ది మూలుగు పుట్టిస్తారు. మృదంగం ఎడమ మూతికి కచేరీ ముందు తడిపిన రవ్వముద్ద అద్దుతారు, ఆ మంద్రం కోసమే. వీళ్లందరూ స్వరాన్ని వెతుక్కుని వాయించినవాళ్లు. డీజే బాక్సు వచ్చి డప్పు చేతిలో పని లాక్కుంది, ఆ చెవిని కూడా లాక్కుంది. నేను అడుగుతున్నది ఆ చెవిని వెనక్కి ఇమ్మని. ఒంటికి తగిలే మోతలో ఆనందం లేదని కూడా అనను. ఊరి బయట మైదానంలో, ఊరేగింపుకు పెద్ద పెట్టెలు కావాలంటే పెట్టుకోండి. పక్కింటి గోడకు ఆనించి పెట్టకండి.

సమీక్షకులకు కూడా ఒక మాట. మంద్రం అనే పదం మనకుంది. దాన్ని శాస్త్రీయ సంగీతం మీద రాసేవాళ్లకు వదిలేశాం. రహమాన్ పాటల కింద కీత్ పీటర్స్ బేస్ ఏం చేసిందో ఒక్క వాక్యం రాయలేనివాళ్లం, బీజీఎం అదిరిందని మాత్రం పేజీలు రాస్తాం. జనం చెవి పాడైందని సప్లయర్ని తిట్టి లాభం లేదు. ఏం వినాలో చెప్పవలసిన మనమే అదిరిందంటుంటే, అతను అదిరేదే తెస్తాడు.

చివరి పరీక్ష మా హాల్లోనే పెట్టాను. మిత్రుడి హెడ్డు నా ల్యాప్‌టాప్ బ్యాగులో, క్యాబినెట్ ఆర్టీసీ బస్సు డిక్కీలో మైదుకూరు, నంద్యాల మీదుగా కర్నూలు చేరాయి. కమిటీకి చూపించడానికి సప్లయర్ కూడా ఒక బాక్సు తెచ్చాడు. మా క్వయర్ కుర్రాడికి గిటార్ ఇచ్చి, అవ్వను అడిగి నేను వాళ్ల వంటింట్లో నిలబడ్డాను. బాక్సు మీద వాయిస్తుంటే గంటెలు గలగలమన్నాయి, గోడకు చెయ్యి ఆనిస్తే జివ్వుమంది, అదే పాటో నాకే తెలియలేదు. పెట్టె మార్చారు. సన్నగా, గోడ అవతల ఎవరో గొణుగుతున్నట్టుగా వచ్చింది. స్వరం ఎక్కడ మారుతోందో తెలుస్తోంది. గిన్నెలు కదల్లేదు. చిన్న పెట్టె పలకలేక వదిలేసిన ఆ అడుగు స్వరాలే అవ్వ ఇంట్లోకి రాకుండా ఆగిపోయాయి. అవ్వ బియ్యం ఏరుతూ తలెత్తి, "ఇదేం పాట నాయనా?" అనడిగింది.

కమిటీ ఇంకా తేల్చలేదు. "హాల్లో బాగనే ఉంది గాని, అదరల్యా" అన్నాడు పెద్దాయన. వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుంటారు. ఈసారి ఆయన్ను హాల్లో కూర్చోబెట్టను. అవ్వ ఒప్పుకుంది, వంటింట్లో కుర్చీ వేస్తానంది. మీరూ ఆంప్ గానీ బాక్సు గానీ కొనేముందు ఇంకొకరి చేత వాయించి, మీరు గోడ అవతలికి వెళ్లి వినండి.