చెమట ఆరకముందే

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల ప్రాంతాలలో ఏ వాడకు వెళ్ళినా ఒడిలో చేట పెట్టుకుని బీడీలు చుట్టే స్త్రీలు కనిపిస్తారు. వారిలో మన సోదరీమణులు ఎందరో ఉన్నారు. ఫజ్ర్ నమాజు ముగించి, పిల్లలకు వండిపెట్టి కూర్చుంటే సాయంత్రానికి గాని నడుము ఎత్తరు. వారి నోట మేము ఎక్కువగా విన్నది పని భారం గురించి కాదు, లెక్కలో జరిగే అన్యాయం గురించి. వెయ్యి బీడీలకని తూచి ఇచ్చిన తునికాకు చాలకపోతే, ఆ లోటును సొంత డబ్బుతో కొని పూడ్చాలి. చుట్టి తీసుకువెళ్ళిన వాటిలో కొన్నింటిని ‘చాటన్’ కింద తీసివేస్తే వాటికి కూలి ఉండదు. పేరు రికార్డుకు ఎక్కని స్త్రీకి భవిష్యనిధి కూడా లేదు. ఒంటరిగా వెళ్ళి అడిగితే, “ఇష్టముంటే చెయ్యి, లేకుంటే మానెయ్యి” అన్నదే సమాధానం.

ఇది వ్యాపార విషయం మాత్రమే కాదు, ధర్మానికి సంబంధించిన విషయం. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలుచుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని దివ్యఖుర్ఆన్ ముతఫ్ఫిఫీన్ సూరా ఆరంభంలోనే తీవ్రంగా హెచ్చరించింది. శ్రామికుని చెమట ఆరకముందే అతని కూలి చెల్లించమని దైవప్రవక్త (స) ఆదేశించారు. పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగ్గొట్టిన వానికి ప్రళయదినాన అల్లాహ్‌యే ప్రత్యర్థిగా నిలుస్తాడని బుఖారీ హదీసు తెలుపుతోంది.

మరి బలహీనుడు తన హక్కును ఎలా రాబట్టుకోవాలి? ఇందుకు మక్కా చరిత్రలో చక్కని ఉదాహరణ ఉంది. యెమెన్ నుండి వచ్చిన ఒక వర్తకుని సరుకు తీసుకుని, మక్కా ప్రముఖుడొకడు సొమ్ము ఇవ్వలేదు. అండలేని ఆ పరదేశి మొర విని కొన్ని వంశాలవారు అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట సమావేశమయ్యారు. పీడితునికి హక్కు దక్కేవరకు అందరమూ ఒక్కటిగా నిలుస్తామని ప్రతిన బూనారు. అదే హిల్ఫుల్ ఫుజూల్. అప్పటికి ప్రవక్త పదవి లభించని ముహమ్మద్ (స) ఆ ఒప్పందంలో పాల్గొన్నారు. ఇస్లాం వచ్చిన తరువాత కూడా అటువంటి దానికి పిలిస్తే వెళ్తానని చెప్పారు.

కార్మిక సంఘం సారాంశం కూడా ఇదే. ఏడుగురు కలిస్తే సంఘాన్ని నమోదు చేసుకోవచ్చని 1926 నాటి చట్టమే అవకాశమిచ్చింది. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చుట్టేవారిని కూడా కార్మికులుగా గుర్తించింది. ఆకు, చాటన్ తగాదాల పరిష్కారానికి మార్గం చూపింది. వారికి భవిష్యనిధి వర్తిస్తుందని 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయితే కాగితం మీది హక్కు తనంతట తాను గడప దాటి ఇంట్లోకి రాదు. 1972లో అహ్మదాబాద్‌లో ఇలా భట్ ఆధ్వర్యంలో ‘సేవా’ ఏర్పడినప్పుడు, ఒకే యజమాని లేని స్త్రీలకు సంఘమేమిటని అధికారులు సందేహించారు. ఆ స్త్రీలు పట్టు విడువక నమోదు సాధించారు.

సంఘాలు కలహాలు రేపుతాయని కొందరి అభిప్రాయం. దౌర్జన్యానికి, స్వార్థానికి దిగే సంఘాన్ని మేమూ సమర్థించము. పుణ్యకార్యాలలో పరస్పరం సహకరించుకోవాలని, పాపకార్యాలలో సహకరించరాదని మాయిదా సూరా గీత గీసింది. పనిలో నిజాయితీ కార్మికుని బాధ్యత కూడా. కాని అన్యాయం ముందు మౌనంగా ఉండటాన్ని శాంతి అని పిలవలేము. పొగాకు పనే మంచిది కాదనేవారూ ఉన్నారు. వేరే జీవనోపాధి చూపటం సమాజం బాధ్యత. అది చూపేవరకు చేసిన పనికి కూలి తగ్గించే హక్కు ఎవరికీ లేదు.

సోదరులారా! మీ ఇంటి స్త్రీ సంఘ సమావేశానికి వెళ్తానంటే అడ్డుపడకండి, తోడుగా వెళ్ళండి. ఆమె పేరు రికార్డులో ఉన్నదో లేదో అడిగి చూడండి. మన ఇంట్లో పనిచేసే మనిషికి, మన దుకాణంలోని కుర్రవానికి ఈ నెల జీతం అందిందా అన్నది కూడా ఈ రోజే చూసుకుందాము. ఇతరుల హక్కులను నెరవేర్చే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.