ఏ ఊరూ రాని రోజు

‘‘ఓడెక్కి ఏం చూస్తారు... నీళ్లేగా!’’

నాంపల్లి స్టేషన్‌కి కూతవేటు దూరంలో ఉన్న ఆ అపార్ట్‌మెంట్‌లో ఈ మాట అనని వాళ్లు లేరు. ఆ ఇంటాయన అబిడ్స్ జీపీఓలో కౌంటర్ వెనక కూర్చునీ కూర్చునీ రిటైరయ్యారు. షష్టిపూర్తి కానుకగా అమెరికాలో ఉన్న కొడుకు ఓడ టికెట్లు బుక్ చేశాడు. 2025 జులైలో ప్రయాణం. విశాఖలో ఎక్కి, పుదుచ్చేరి చూసి, చెన్నైలో దిగాలి. అంతా బాగానే ఉంది. కార్యక్రమం కాగితంలో ఒక్కటే తిరకాసు. మొదటి రోజు ఎదురుగా విశాఖపట్నం అని ఉంది. మూడో రోజు ఎదురుగా పుదుచ్చేరి. మధ్యలో రెండో రోజుకి మాత్రం ‘ఎట్ సీ’ అని రెండే ముక్కలు.

‘‘అంటే ఆ రోజు ఏ ఊరూ రాదా? డబ్బులు మాత్రం ఆ రోజుకీ కట్టాలా?’’ ఇదీ ఆవిడ సందేహం.

న్యాయమైన సందేహమే! యాత్ర అంటే మనకి తెల్లారకుండా లేవడం, బస్సు దిగడం, చూడటం, ఫొటో తీసుకోవడం, మళ్లీ బస్సెక్కడం. రోజుకి ఎన్ని చూస్తే అంత గిట్టుబాటు. ఏమీ చూడని రోజు దండగే. కానీ ఓడల్లో తిరగడం అలవాటైన వాళ్లని అడిగి చూడండి... అసలు రోజు అదే అంటారు.

అబిడ్స్‌కి ఓడ కొత్తా?

హైదరాబాద్ నుంచి సముద్రం చూడాలంటే సూర్యలంకకో, మచిలీపట్నానికో మూడొందల కిలోమీటర్లు వెళ్లాలి. అయినా నాంపల్లి, అబిడ్స్‌లకి ఓడలతో చుట్టరికం పాతదే. అసలు అబిడ్స్ అన్న పేరే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ అబిద్ పెట్టిన దుకాణం వల్ల వచ్చింది. విదేశీ సరుకంతా ఓడలో రావాల్సిన కాలమది. నాంపల్లి హజ్ హౌస్ దారిలో నడిచే పెద్దవాళ్లలో ముంబయి వెళ్లి, అక్కడ జెడ్డా ఓడెక్కిన కుటుంబాల వాళ్లూ ఉంటారు. 1995లో ఆ ఓడలు ఆగిపోయాయి. ఆ తర్వాత అంతా విమానమే.

ఇక మన పెద్దాయన సంగతి... విదేశాలకి పార్సిల్ పంపేవాళ్లకి ఆయన చెప్పిన మాట ఎన్ని వేలసార్లో! ‘‘విమానంలో అయితే వారం పది రోజులు, ఓడలో అయితే రెండు మూడు నెలలు. ఏది వేయమంటారు?’’ సర్వీసంతా సముద్రం మీదికి పార్సిళ్లు పంపిన ఆ మనిషి సముద్రంలోకి అడుగుపెట్టింది లేదు.

ఆ రోజుల్లో ఎవరికైనా సముద్రమంటే ఎలాగోలా దాటాల్సిన దూరం. ఒడ్డు కనిపిస్తే చాలు దేవుడా అనుకునేవారు. నీళ్ల మీద గడిపే రోజుల్నే సరదాగా మార్చి అమ్మొచ్చని కనిపెట్టిన వాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది ఆల్బర్ట్ బాలిన్‌ని. జర్మనీలో హాంబర్గ్-అమెరికా ఓడల కంపెనీ ఆయన చేతిలో ఉండేది. చలికాలంలో అట్లాంటిక్ దాటేవాళ్లు తగ్గిపోయి పెద్ద పెద్ద ఓడలు రేవులో ఊరికే పడుండేవి. 1891 జనవరిలో ఆయన ‘ఆగస్టా విక్టోరియా’ అనే ఓడలో 241 మందిని ఎక్కించుకుని మధ్యధరా సముద్రం తిప్పి తీసుకొచ్చాడు. ఇదేం పిచ్చని నవ్వినవాళ్లున్నారు. ఆ పిచ్చే ఇవాళ 20 అంతస్తుల ‘ఐకాన్ ఆఫ్ ద సీస్’ దాకా వచ్చింది!

మనవాళ్లకి క్రూజ్ అన్న మాట బాగా వినిపించింది 2000ల్లో. సింగపూర్ ప్యాకేజీ తీసుకుంటే అందులో రెండు రాత్రులు ఓడ మీద అనేవారు. తర్వాత మన తీరానికే వచ్చింది. 1990లో తయారైన 11 అంతస్తుల ‘ఎంప్రెస్’ ఓడ కొర్డీలియా పేరుతో 2021లో ముంబయి నుంచి తిరగడం మొదలుపెట్టి, 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖకొచ్చింది. 2023లో విశాఖ పోర్టులో క్రూజ్ టెర్మినల్ కూడా ప్రారంభమైంది. నాంపల్లి వాళ్లకి ఇంకేం కావాలి... సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖ!

ఏం చేయాలో తోచక...

సరే, ఆ రెండో రోజు రానే వచ్చింది. పొద్దున్నే డెక్ మీదికి వెళితే ఎటు చూసినా నీళ్లే. డెక్ నీటికి ముప్ఫై మీటర్ల ఎత్తులో ఉంటే మన చూపు ఆనేది సుమారు ఇరవై కిలోమీటర్లు. అంటే అబిడ్స్ నుంచి శంషాబాద్ దాకా ఉన్నంత మేర అడ్డం లేదు, హోర్డింగ్ లేదు, సిగ్నల్ లేదు!

పెద్దాయన మాత్రం ఊరుకోలేదు. ఆ రోజు కార్యక్రమాల పట్టిక చేతబట్టుకుని బయల్దేరారు. తొమ్మిదికి యోగా, పదిన్నరకి క్విజ్, పన్నెండుకి తంబోలా... ఒక్కటీ వదల్లేదు. కట్టిన డబ్బు రాబట్టాలిగా! మధ్యాహ్నానికి కాళ్లు పీకాయి.

ఆవిడ ఇబ్బంది వేరు. టిఫిన్ తినగానే అలవాటుగా రెండు ప్లేట్లూ చేతిలోకి తీసుకుని లేచారు. అక్కడున్న కుర్రాడు నవ్వి అందుకున్నాడు. మళ్లీ కూర్చున్నారు. మధ్యాహ్నం కూరేంటో ఆలోచించక్కర్లేదు. పాలవాడు రాడు, పనమ్మాయి మానదు, కుక్కర్ కూత పెట్టదు. పెళ్లయ్యాక చేతులు ఖాళీగా ఉన్న పూట అదే మొదటిదేమో. ఒకటి రెండు గంటలు కంగారుగానే గడిచాయి. ఆ తర్వాత డెక్ మీద ఓ కుర్చీ చూసుకుని, కొంగు నిండుగా కప్పుకుని కూర్చున్నారు. ఇక లేవలేదు.

ఓడలో గడిపే రోజుకి చిట్కా ఏదైనా ఉందంటే అదే. పట్టికలోంచి రెండు చాలు... పొద్దునొకటి, సాయంత్రమొకటి. మిగతాది ఖాళీగా వదిలేయాలి. మొదటి గంట విసుగ్గానే ఉంటుంది. దాన్ని దాటితేనే సముద్రం కనిపించడం మొదలవుతుంది.

కడుపులో తిప్పుతుందని భయపడేవాళ్లు ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో గది అడగాలి. ఊపు అక్కడే తక్కువ. కళ్లు గదిని కదలకుండా చూస్తుంటే చెవి లోపలి భాగం మాత్రం ఊగుతున్నామని చెబుతుంది. ఆ తగవే వికారం. అందుకే గదిలో పుస్తకం చదవడం కన్నా బయటికొచ్చి దూరాన నీరూ ఆకాశమూ కలిసే గీతని చూస్తే తేలికపడుతుంది. మాత్రలు డాక్టర్‌ని అడిగి, ఓడ కదలకముందే వేసుకోవాలి. వానాకాలంలో బంగాళాఖాతం కాస్త పెంకిగానే ఉంటుంది మరి. ఇక సెల్‌ఫోన్... దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయడం మంచిది. నడి సముద్రంలో అది పొరపాటున ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్ అందుకుందంటే ఇంటికొచ్చాక బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి!

నాలుగింటికి ఓ మాట

పెద్దాయన తంబోలాలో ఓడిపోయి, ఫోన్‌లో సిగ్నల్ లేక, సాయంత్రం నాలుగింటికి వచ్చి పక్క కుర్చీలో చేరారు. కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. టీవీ లేకుండా వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుని ఎన్నేళ్లయిందో!

‘‘ఏమండీ, నేను వనితా కాలేజీలో చదివాను తెలుసుగా?’’ అన్నారావిడ ఉన్నట్టుండి.

‘‘తెలుసు. డిగ్రీ రెండేళ్లు.’’

‘‘మూడో ఏడాది ఫీజు కూడా కట్టేశారు మా నాన్న. పెళ్లయ్యాక పరీక్షలు రాస్తానని మీ అమ్మగారిని అడిగాను. వాణ్ణి అడుగు అన్నారు. మిమ్మల్ని అడుగుదాం అనుకుంటూనే...’’

‘‘అనుకుంటూనే?’’

‘‘ఖాళీ దొరకలేదు.’’

అందులో నిష్ఠూరం లేదు. ఉన్న మాట చెప్పారంతే. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఉన్న ఆ కాలేజీ వాళ్లింటికి నడిచి వెళ్లేంత దగ్గర. రోజూ ఆ పిల్లలు బ్యాగులేసుకుని వెళుతుంటే ఆవిడ బాల్కనీలో బట్టలు ఆరేసుకుంటూ చూసేవారు. ముప్ఫై అయిదేళ్లు.

‘‘అడిగుంటే సరేననేవాణ్ణి’’ అన్నారాయన, చాలాసేపయ్యాక.

‘‘నాకూ తెలుసు’’ అన్నారావిడ.

మర్నాడు పుదుచ్చేరి వచ్చింది. వీధులన్నీ తిరిగారు, ఫొటోలు దిగారు. ఇంటికొచ్చాక చుట్టుపక్కల వాళ్లు అడిగితే పెద్దాయన పుదుచ్చేరి గురించి రెండు మాటల్లో తేల్చేశారు. సముద్రం దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘‘అది చెప్తే తెలిసేది కాదులే’’ అంటారు.

ఓడ ఎక్కడం అందరికీ కుదరకపోవచ్చు. ఏ ఊరూ రాని రోజుని మాత్రం ఇంట్లోనూ పెట్టుకోవచ్చని వాళ్లిద్దరూ ఇప్పుడు ఆదివారాలు అలాగే గడుపుతున్నారు. పొద్దున పదకొండు దాకా ఫోన్లు బీరువాలో. టిఫిన్ అబిడ్స్ నుంచి పార్సిల్. బాల్కనీలో రెండు కుర్చీలు. కింద ఆటోల హారన్లు ఎలాగూ ఆగవు... వాటినే అలల చప్పుడనుకోవాలి!

ఓ ఆదివారం టిఫిన్‌తో పాటు ఆయన ఇంకో పొట్లం కూడా తెచ్చారు. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వెతికి, బేరమాడి కొన్న బీఏ మూడో ఏడాది చరిత్ర పుస్తకం.

‘‘ఇది పాత సిలబస్సండీ, ఇప్పుడు పనికిరాదు’’ అన్నారావిడ, పేజీలు తిప్పి చూసి.

సాయంత్రానికల్లా దానికి అట్ట వేసి ఉంది.