మా పిల్లలతో పాటే

తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన పిల్లల్ని ఎవరు చూడాలన్నది మన ఇళ్లలో పెద్దకర్మ నాటికే తేలిపోతుంది. "మా పిల్లలతో పాటే వీళ్లూ. మేం తినేదే తింటారు" అని పెద్దమ్మో మేనమామో అనేస్తారు. విన్నవాళ్ల కళ్లు చెమరుస్తాయి. గురుకులంలో వేద్దామని ఎవరైనా గొణిగినా, దసరా సెలవులకు ఆ పిల్లలు ఏ ఇంటికి రావాలని అడిగితే మాట్లాడరు. అక్కడ పెద్దమ్మదే గెలుపు, నా లెక్కలోనూ. దెబ్బలాడుకోవడానికి ఒక అన్న, జడ వేసే ఒక అక్క హాస్టల్లో దొరకరు.

కానీ ఆ ఇంట్లో రోజులెలా గడుస్తాయో చూడాలి. కరివేపాకుకు కొట్టుకు పంపాలంటే నోట ముందొచ్చేది ఆ పిల్ల పేరే. కూర బాగుందన్నా రెండోసారి అడగదు. ఫీజు కట్టమన్న చీటీ చివరి రోజుదాకా సంచిలోనే ఉంటుంది. "ఎంత బుద్ధిమంతురాలో" అని చుట్టాలు మెచ్చుకుంటారు. అది బుద్ధి కాదు, భయం.

ఇటు సొంత పిల్లల గోడూ చిన్నది కాదు. మంచం, సైకిలు, అమ్మ పక్కన చోటు అన్నీ సగమవుతాయి. తప్పు ఇద్దరిదైనా తిట్లు ఒకరికే. సొంత కొడుకుని ఒక్కటేసినా అడిగేవాళ్లుండరు. మరిది కొడుకు మీద గొంతు లేస్తే చాలు, "ఎంతైనా కన్నతల్లి కాదుగా" అని వీధి వీధంతా అనేస్తుంది. ఆ మాట పడలేక ఆవిడ వాణ్ని అసలు తిట్టడమే మానేస్తుంది. సొంత కొడుక్కి అది అన్యాయంగా తోస్తుంది, వాడికి పరాయితనంగా తోస్తుంది. సినిమాలు వాతలు పెట్టే పిన్నిని చూపించాయి గానీ, తిట్టడానికి జంకే పెద్దమ్మని చూపించింది తక్కువ.

మరి దత్తత తీసుకుంటే ఈ తేడా పోతుందా? 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం కొడుకున్నవాళ్లు మరో కొడుకుని, కూతురున్నవాళ్లు మరో కూతుర్ని దత్తత తీసుకోకూడదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం బంధువులకు ఇంకో దారి చూపింది; ఆ దత్తత ఉత్తర్వులు ఇప్పుడు కలెక్టరే ఇస్తారు. పాలు తాగే పిల్లయితే ఆ దారే మేలు. పదేళ్ల పిల్లకు అమ్మ చీర రంగు కూడా గుర్తుంటుంది. కాగితాల్లో ఆ అమ్మ పేరు తీసి ఇంకొకరి పేరు రాయడం ఆ పిల్లకు మేలని నేననుకోను. ఆ వయసుకు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టు ద్వారా సంరక్షకులుగా ఉండటమే సరిపోతుంది. కాకపోతే సొంత పిల్లలున్న ఇంట్లో, దత్తత కాని అన్న కొడుక్కి వీలునామా లేకుండా మీ ఆస్తిలో చిల్లిగవ్వ రాదు. ఇవ్వాలనుకుంటే రాసి పెట్టాలి.

ఇక డబ్బు. తెలంగాణలో రైతు పోతే రైతుబీమా కింద 5 లక్షలు వస్తాయి. ఎకరమో రెండెకరాలో పొలం ఉంటుంది. "మనమే పెంచుతున్నాంగా" అంటూ ఆ డబ్బు ఇంటి ఖర్చులో కలిసిపోతుంది. పెంచేవాళ్ల ఇబ్బందీ నిజమే, రెండు నోళ్లు పెరిగితే బియ్యం బస్తా ఊరికే రాదు. కానీ పద్దెనిమిదేళ్లు నిండాక పిల్లవాడు లెక్క అడిగిన రోజున, అన్నేళ్లు అన్నం పెట్టిన ఇల్లు దొంగల ఇల్లయి కూర్చుంటుంది. లెక్క రాసుకోవడం ప్రేమ తక్కువై కాదు.

కాబట్టి ఇంటికి తెచ్చుకోండి, కానీ నోటిమాట మీద కాదు. వాళ్ల డబ్బు వాళ్ల పేరున బ్యాంకులో వేయండి. ఆదాయం తక్కువైతే, బంధువుల ఇంట పెరిగే అనాథ పిల్లలకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వాలి.