కాపలా కెమేరాలు: ముందు కొనవలసినదేది?

ఇటీవల మన సభ్యులలో ఇంటికి కాపలా కెమేరాలు అమర్చుకొనువారు పెరుగుచున్నారు. ఇందు వింత లేదు. ఆనందపురము, పెందుర్తి, భీమునిపట్నము ప్రాంతములలో పిల్లలు పనులకై గాజువాకకో, హైదరాబాదునకో పోగా, పెద్దలు మాత్రమే ఇల్లు కనిపెట్టుకొని యున్న కుటుంబములు చాల కలవు. మోటారు కేబులు ఒక రాత్రి పోయినచో, కేబులు ఖరీదుకంటె నీరులేక ఎండిన మడి నష్టమే ఎక్కువ. కావున కెమేరా దండుగ యని నేననను. దానిని ఎన్నుకొను పద్ధతియే తలక్రిందులుగా నున్నదని నా యభిప్రాయము.

మనవారు వేయు మొదటి ప్రశ్న "ఏ కంపెనీది మంచిది?" అని. రచ్చబండ యొద్ద అడిగినను, వాట్సాపు బృందములో అడిగినను, పదిమంది పది పేర్లు చెప్పుదురు. తాను కొన్నదే మేలని ఒకరు, అది పనికిరాదని వేరొకరు వాదులాడుకొందురే గాని, నీ దొడ్డిలో దీపమున్నదా, కరెంటు ఎంతసేపు పోవును, గుమ్మమునుండి వీధి ఎంత దూరము అని అడుగువాడు ఒక్కడును కానరాడు. పళ్లు చూచి, నడక చూచి గాని యెద్దును కొనని రైతు, ఇచ్చట ముక్కు మొగము తెలియనివాని మాటపై సొమ్ము చెల్లించుచున్నాడు.

నేనును అట్లే కొంటిని. నాలుగు వైఫై కెమేరాలు. "ఊరిలో లేకున్నను ఫోనులో ఇల్లంతయు కనబడును" అని అమ్మినవాడు చెప్పెను. నిజమే, కనబడెను. ఒక వర్షాకాలపు రాత్రి గాలివానకు కరెంటు పోయినది, దానితో నెట్టు పోయినది. ఆ చీకటిలోనే దొడ్డిలోని మోటారు కేబులు పోయినది. తెల్లవారి చూడగా ఫోనులో నిన్నటి సాయంకాలపు బొమ్మ నిలిచియున్నది. దుకాణమున కడుగగా, చందా కట్టి బొమ్మలను కంపెనీ సర్వరులో దాచుకొనవలసినదని సలహా యిచ్చిరి. నెట్టే లేనప్పుడు బొమ్మ సర్వరునకెట్లు పోవునో వారు చెప్పలేదు.

ఈ తీరమువారికి ఇది తెలియని సంగతి కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నమువద్ద తీరము దాటినపుడు స్తంభములు కూలి, ఫోను టవరులు మూగవోయి, దినముల తరబడి కరెంటు లేకపోయెను. ఇల్లు విడిచి పోవలసిన అట్టి వేళయే దొంగకు అనువైన వేళ.

కావున ముందు కొనవలసినది కెమేరా కాదు. బొమ్మలను ఇంటిలోనే నిలువచేయు రికార్డరు, దానిని నడుపు బ్యాటరీ. రెండు మెగాపిక్సెళ్ల కెమేరా ఎడతెగక పనిచేసినచో సుమారు 20 జీబీ దినమునకు పట్టును. నాలుగింటికి 80 జీబీ. ఒక టీబీ డిస్కు పండ్రెండు దినములలో నిండి, పాత బొమ్మలపై క్రొత్తవి పడును. తీర్థయాత్రకు పోయి పదునైదు దినములకు తిరిగివచ్చువానికి ఇది చాలదు. ఈ లెక్క దుకాణదారుడు తానుగా చెప్పడు. రికార్డరును టీవీ ప్రక్కన పెట్టరాదు; దొంగ టీవీతోపాటు దానినిగూడ మోసికొనిపోవును. తాళమువేయు గదిలో, గాలి తగులుచోట నుంచవలెను.

పిదప కెమేరా. వెడల్పు చూపు గలది వాకిలినంతటిని చూపును గాని, దూరపు మనిషి మొగమును గుర్తుపట్టనీయదు. గుమ్మమునకు ఇరుకు చూపుగల దొకటి, వాకిలికి వెడల్పుది యొకటి చాలును. ఎనిమిదింటి ముచ్చట మనకేల? రాత్రి దాని కిరణములకు పురుగులు, పురుగులకై సాలీడులు చేరును. పక్షమున కొకసారి గుడ్డతో తుడువవలెను. ప్రక్కవారి పెరటిపైనను, ఆడువారు నీళ్లు పట్టుకొను కుళాయిపైనను దానిని త్రిప్పుట తగవులకు మూలము.

కంపెనీ పెట్టిన రహస్యపదమును మొదటి దినముననే మార్చవలెను. 2016లో మిరాయి అను దుష్ట ప్రోగ్రాము, ఆ పదము మార్చని కెమేరాలలో, రౌటర్లలో లక్షలకొలదిగా చొచ్చినది. కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు ననుసరించి 2025 ఏప్రిలు 9 మొదలు సీసీ కెమేరాలకు భద్రతా పరీక్ష విధియైనది. ఆ ధ్రువపత్రము చూపుమని అడుగుటకు సంకోచమేల?

ఎరువులను కలిసి కొనుచున్న మనము వీనిని ఎవరికివారు కొనుట నాకు సరిగా తోచదు. పదియిండ్లవారు కూడినచో ఒకే రకపు రికార్డరులు, ఒకే మరమ్మతుదారుడు, సంఘ కార్యాలయమున అదనముగా ఒక డిస్కు సాధ్యమగును. రాబోవు మహాజనసభలో ఈ ప్రస్తావన తేదలచితిని. ఇష్టమైనవారు తమ యింటి కొలతలు, కరెంటు పోవు వేళలు ఒక కాగితముపై వ్రాసి తెండు. కంపెనీ పేరు వ్రాయనక్కరలేదు.