సీసా బరువూ, లేబుల్ మీది ఆకూ

ఖాళీ వైన్ సీసా మామూలుగా అర కిలో పైచిలుకు తూగుతుంది. ఖరీదైన రకమని చాటుకోవాలనుకునే సీసాలు కొన్ని ఖాళీగానే తొమ్మిది వందల గ్రాములు దాటుతాయి. లోపల పట్టేది మాత్రం దేంట్లోనైనా 750 మిల్లీలీటర్లే. ఆ అదనపు గాజు వైన్‌కు రుచి తేదు, నిల్వనూ పెంచదు. చేతిలోకి తీసుకున్నవాడికి ఇదేదో గొప్ప సరుకనిపించడం ఒక్కటే దాని ఉద్యోగం. గాజు కరగాలంటే దాదాపు 1500 డిగ్రీల వేడి కావాలి. కొలిమి రాత్రనకా పగలనకా మండుతూనే ఉండాలి. కాలిఫోర్నియా వైన్ పరిశ్రమ 2011లో తన కర్బన ఉద్గారాలకు లెక్క కట్టించుకుంటే, తోట మొదలు దుకాణం దాకా అయ్యే మొత్తంలో 29 శాతం గాజు సీసా ఖాతాలోనే పడింది.

పేచీ అంతా ఈ ఒక్క వస్తువులోనే కనిపిస్తుంది. పర్యావరణం కోసం సీసా తేలిక కావాలి. కొనేవాడి మనసెరిగి అమ్మాలంటే బరువుగా ఉండాలి. అయినా ఆ రెండింటినీ ఒకే లేబుల్ మీద కలిపి, "భూమికి మేలు చేసే వైన్" అంటూ అమ్మడం ఏటేటా పెరుగుతోంది. అది మంచిదేనా, లేక పర్యావరణాన్ని కాపాడే పని కొనేవాడి ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా జరిగిపోవాలా?

ముందు అమ్మేవాళ్ల ఇబ్బంది వినాలి. ప్రపంచం తాగే వైన్ తగ్గిపోతోంది. 2024లో వినియోగం దాదాపు 2,140 కోట్ల లీటర్లు. 1961 తర్వాత అప్పటిదాకా ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. ద్రాక్షకు మారుపేరైన బోర్డో ప్రాంతంలోనే తీగలు పెరికేసుకునే రైతుకు హెక్టారుకు 6,000 యూరోలు పరిహారమిచ్చే పథకం 2023లో వచ్చింది. ఇలాంటి రోజుల్లో మిగిలిన కొనుగోలుదారుకు, ముఖ్యంగా పడుచువాళ్లకు, తన సీసానే ఎందుకు ఎంచుకోవాలో ఏదో ఒక కారణం చెప్పక వైనరీకి తప్పదు. ఆ కారణం నిజమైనదైతే తప్పేముంది?

పైగా అది ఖర్చుతో కూడిన నిజం. ఐరోపాలో ద్రాక్షతోట సేంద్రియ పద్ధతికి మారాలంటే మూడేళ్లు పడుతుంది. ఆ మూడేళ్లూ కష్టం సేంద్రియానిది, ధర మామూలుది. ఆ తర్వాతయినా సీసా మీద చెప్పుకోనివ్వకపోతే రైతుకు ఆ ఖర్చు తిరిగొచ్చేదెలా? న్యూజిలాండ్ 1990ల మధ్యలోనే సుస్థిర ద్రాక్షసాగుకు దేశవ్యాప్త కార్యక్రమం పెట్టుకుంది. ఇప్పుడక్కడి ద్రాక్షతోటల విస్తీర్ణంలో నూటికి తొంభై పైగా దాని ధ్రువీకరణ కిందే ఉన్నాయి. దేశం తన వైన్‌ను అమ్ముకునేదే ఆ పేరు మీద. స్పెయిన్‌లోని టోరెస్ కుటుంబం, కాలిఫోర్నియాలోని జాక్సన్ కుటుంబం 2019లో కలిసి వైనరీల వాతావరణ కూటమి ఒకటి మొదలుపెట్టాయి. అందులో చేరాలంటే ఉద్గారాల లెక్కను బయటివాళ్ల చేత తనిఖీ చేయించుకోవాలి. పేరు ప్రతిష్ఠల ఆశ లేకుండా ఇన్ని కంపెనీలు ఇంత దూరం వచ్చేవని నేననుకోను. ఆశ ఉన్నంత మాత్రాన పని అబద్ధమైపోదు కూడా.

ఇక కొనేవాడి వైపు చూస్తే కథ అడ్డం తిరుగుతుంది. మగాలీ డెల్మాస్, లారా గ్రాంట్ అనే పరిశోధకులు కాలిఫోర్నియా వైన్ల ధరలను పరిశీలించారు. పర్యావరణ ధ్రువీకరణ పొందిన ద్రాక్షతో చేసిన వైన్‌కు ధర 13 శాతం ఎక్కువ పలికింది. అదే విషయం లేబుల్ మీద అచ్చేస్తే మాత్రం 20 శాతం తగ్గింది. మంచి పని చేస్తే లాభం, చెప్పుకుంటే నష్టం అన్నమాట. డెల్మాస్ మరికొందరితో కలిసి ఆ తర్వాత 74 వేలకు పైగా వైన్లకు విమర్శక పత్రికలిచ్చిన మార్కులు చూశారు. ధ్రువీకరణ ఉన్నవాటికి సగటున నాలుగు మార్కులకు పైగా ఎక్కువే వచ్చాయి. అంటే సరుకు నాసిరకం కాదు, పేరే నాసిరకంగా స్థిరపడింది. అందుకు కొంత కారణం అమెరికా నిబంధనలోనే ఉంది. అక్కడ "సేంద్రియ వైన్" అని రాయాలంటే నిల్వకు వాడే సల్ఫైట్ బయటి నుంచి అసలు కలపకూడదు. కలపని వైన్ తొందరగా పాడవుతుంది. అలా పాడైనవి రుచి చూసినవాళ్లు ఆ మాటకే దూరమయ్యారు. చాలా వైనరీలు పద్ధతి పాటిస్తూనే లేబుల్ మీద నోరు మెదపకపోవడం ఇందుకే. దీన్ని వినయమనుకోనక్కర్లేదు, శుద్ధ వ్యాపారమే.

ప్రచారాన్ని ఎదిరించేవాళ్లకు ఇంతకంటే బలమైన వాదన ఒకటుంది: లేబుల్ కొలిచేది ఒకటి, కొనేవాడు చదువుకునేది మరొకటి. ఫ్రాన్స్‌లో "ఉన్నత పర్యావరణ విలువ" అనే అధికారిక ముద్ర ఉంది. 2023లో నియమాలు మారేదాకా దాన్ని పొందడానికి రెండు దారులుండేవి. రెండో దారిలో ముఖ్యమైన షరతు, ఎరువులూ మందుల్లాంటి వాటి మీద పెట్టే ఖర్చు మొత్తం అమ్మకాల్లో 30 శాతం మించకూడదన్నది. చూడ్డానికి న్యాయంగానే ఉంది. కానీ సీసా యాభై యూరోలకు అమ్ముకునే పెద్ద ఎస్టేటు ఎంత మందు కొట్టినా ఆ ఖర్చు అమ్మకాల్లో పిసరంతే. ఐదు యూరోలకు అమ్ముకునేవాడికి అదే మందు భారమవుతుంది. వైన్ ఎంత ఖరీదైతే ముద్ర అంత సులువు! విమర్శలు ముదిరాక ఆ దారి మూసేశారు. అంతవరకు లక్షల సీసాల మీద ఆ ముద్ర పడే ఉంది, కొన్నవాళ్లు దాన్ని నమ్మే ఉన్నారు.

ఆకు బొమ్మతో ఉండే సేంద్రియ ముద్ర ఇంత పలుచన కాదు, కాని అదీ అంతా చెప్పదు. మన రైతులకు బాగా తెలిసిన బోర్డో మిశ్రమం పుట్టింది ఆ బోర్డో ద్రాక్షతోటల్లోనే. దారిన పోయేవాళ్లు పళ్లు కోసుకోకుండా తోట అంచు తీగల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారట. ఆ తీగలకు బూజు తెగులు సోకలేదని గమనించిన మిలార్డే అనే శాస్త్రవేత్త 1885లో ఆ సంగతి ప్రకటించాడు. ఈనాటికీ సేంద్రియ ద్రాక్ష రైతుకు బూజు తెగులు మీద ప్రధాన ఆయుధం రాగే. రాగి వాన నీటికి కొట్టుకుపోతుంది కనుక వానలెక్కువైన ఏడు మళ్లీ మళ్లీ కొట్టాలి. ప్రతిసారీ ట్రాక్టరు, డీజిల్. నేలలో చేరిన రాగి విచ్ఛిన్నం కాదు, పేరుకుంటుంది. అందుకే ఐరోపా సమాఖ్య ఏడేళ్లకు కలిపి హెక్టారుకు 28 కిలోలని హద్దు పెట్టింది. దీన్నిబట్టి సేంద్రియం బూటకమని తీర్మానిస్తే అన్యాయమే అవుతుంది. కలుపు మందులూ కృత్రిమ పురుగుమందులూ లేకపోవడం నేలకూ తోటలో పనిచేసే కూలీలకూ చిన్న మేలు కాదు. అయినా ఆకు బొమ్మలో రాగీ కనపడదు, డీజిలూ కనపడదు.

అంతకంటే నన్ను కలవరపెట్టేది ఆ ఆకు ఒంటి ఆరోగ్యం మీదికి పాకడం. 2020లో నటి కామెరాన్ డియాజ్ భాగస్వామిగా వచ్చిన అవలీన్ అనే బ్రాండు "క్లీన్ వైన్" అంటూ మార్కెట్లోకి దిగింది. వాళ్లు వాడేది సేంద్రియ ద్రాక్షే. కాని "క్లీన్" అన్న మాటకు తమ నిబంధనల్లో నిర్వచనమే లేదని అమెరికా మద్యం లేబుళ్లను చూసే సంస్థ 2022లో స్పష్టం చేయాల్సి వచ్చింది. మద్యం ఎంత తక్కువ తాగినా ప్రమాదం లేదనగలిగే మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. తోటలో ఏ మందూ కొట్టకపోయినా ఆల్కహాల్ ఆల్కహాలే, కాలేయానికి తేడా తెలియదు.

కొనేవాడిని అడగకుండానే పని జరిపించిన ఉదాహరణలూ ఉన్నాయి. కెనడాలో ఒంటారియో ప్రభుత్వ మద్యం సంస్థ 2013 నుంచి 15 డాలర్లలోపు వైన్లకు 420 గ్రాముల లోపు సీసాలే కావాలంది. షాంపేన్ ప్రాంతం 2010లో తన సీసాను 900 గ్రాముల నుంచి 835కు దించింది. లోపలి వాయువు ఒత్తిడిని తట్టుకోవాలి గనుక అంతకంటే తేలిక చేయడం కష్టం. ఆ 65 గ్రాముల తేడాను బల్ల దగ్గర కూర్చున్నవాళ్లెవరూ పట్టుకోలేరు. 2023లో కొన్ని పెద్ద రిటైల్ సంస్థలు తాము అమ్మే సీసాల సగటు బరువును 550 గ్రాముల నుంచి 2026 చివరికల్లా 420 లోపు తేవాలని ఒప్పందం చేసుకున్నాయి. స్వీడన్‌లో అమ్ముడయ్యే వైన్‌లో సగానికి పైగా అట్టపెట్టెలోని ప్లాస్టిక్ సంచుల్లోనే పోతోంది. గాజు లేదు, మోత బరువు తక్కువ. ఏళ్ల తరబడి దాచుకునే వైన్‌కు అది పనికిరాదు. కాని లోకంలో అమ్ముడయ్యే వైన్‌లో దాచుకునేది ఎంత గనక?

ఈ దారికీ లోపాలున్నాయి. ఒంటారియో నియమం చవక వైన్లకే పరిమితమైంది; అసలు బరువు సీసాలున్నది దాని పైమెట్టులో. పెద్ద కొనుగోలుదారు హుకుం జారీ చేస్తే కొత్త సీసాకు యంత్రాలు సరిచేసుకునే ఖర్చు పడేది చిన్న వైనరీ నెత్తిన. ఇక తేలిక సీసా కూడా ఒకసారి వాడి పగలగొట్టేదే. మన ఊళ్లలో బీరు సీసాలు పాత సామాన్ల దుకాణాల మీదుగా మళ్లీ బ్రూవరీకి చేరి మళ్లీ నిండుతుంటాయి. ఆ ఏర్పాటు సముద్రాలు దాటి అమ్ముడయ్యే వైన్‌కు లేదు.

రెండు వైపులా చూశాక నా మొగ్గు ఇది. గాజు, రవాణా, నీరు లాంటి బరువైన నిర్ణయాలు దుకాణాలూ నిబంధనలూ తీసుకోవాలి. శనివారం సాయంత్రం సీసా కొనుక్కుపోయేవాడి మనస్సాక్షి మీద వాటిని మోపడం సరికాదు. లేబుల్ మీద మిగలాల్సింది కొలిచి చూపగలిగిన అంకెలే. విమర్శకురాలు జాన్సిస్ రాబిన్సన్ తన సమీక్షల్లో సీసా బరువు కూడా రాయడం ఆ తరహా పనే. ఐరోపా చట్టం ఇప్పటికే ఆ దిశగా నడుస్తోంది. 2023 డిసెంబరు 8 తర్వాత తయారైన వైన్ల మీద పదార్థాలూ పోషకాల వివరాలూ ఉండాలి. వాటిని క్యూఆర్ కోడ్‌లో ఇస్తే ఆ పేజీలో ప్రచారం పెట్టకూడదు, చూసినవారి సమాచారం పోగేయకూడదు. 2026 సెప్టెంబరు 27 నుంచి రుజువు లేకుండా "పర్యావరణహితం" అనడం, వేరెక్కడో చెట్లు నాటించి ఈ సీసాకు "కర్బన తటస్థం" అని పేరు పెట్టడం నిషిద్ధం.

అయితే రుజువుకు డబ్బు కావాలి. పెద్ద కంపెనీకి దానికోసం ఒక విభాగమే ఉంటుంది. నాలుగు హెక్టార్ల రైతు ఏళ్లుగా మందు ముట్టకపోయినా కాగితం లేక ఊరుకోవాలి. కొత్త ఐరోపా సేంద్రియ చట్టం ఐదు హెక్టార్లలోపు రైతులు బృందంగా ఏర్పడి ఒకే ధ్రువీకరణ తీసుకునే వీలు కల్పించింది. మన దగ్గర పీజీఎస్ (భాగస్వామ్య హామీ) పద్ధతిలో రైతులే ఒకరి పొలానికి ఒకరు పూచీ పడుతున్నారు. కఠినమైన నియమంతో పాటు ఇలాంటి వెసులుబాటు రాకపోతే, నిజం చెప్పే హక్కు కూడా ఖర్చు భరించగలవాడికే దక్కుతుంది.