తాళం ఎవరిని కాపాడుతోంది?



2025 మే 18 తెల్లవారుజామున మన షోలాపూర్ అక్కల్‌కోట్ రోడ్ ఎం.ఐ.డి.సి.లో ఒక టవల్ కార్ఖానా తగలబడి 8 మంది చనిపోయారు. యజమాని, ఆయన ఇంటివారు, కార్మికులు అందరూ ఆ 8 మందిలో ఉన్నారు. కొన్నాళ్ళు పేపర్లలో ఫోటోలు వచ్చాయి, తర్వాత ఊరు మరిచిపోయింది. మేము మరవలేకపోతున్నాం. ఎందుకంటే మనవాళ్ళు కిరాయికుండే ఖోలీలు ఏ రాత్రయినా అలాగే అంటుకోవచ్చు.

ఒక్క మెట్లదారి. దాని కిందే ఎనిమిది ఖోలీల కరెంటు మీటర్లు. మీటర్లకు ఆనుకొని పెట్రోలు నింపిన మోటారు సైకిళ్ళు. కింద ఇనుప గేటు, రాత్రి 11 కాగానే దానికి తాళం. తాళంచెవి మాలక్ దగ్గర, ఆయన ఉండేది పక్క గల్లీలో! అడిగితే "దొంగల భయం" అంటాడు. అయ్యా, మా ఇంట్లో దొంగ ఎత్తుకుపోయేదేముంది? మీ బిల్డింగు భద్రత కోసం మా పిల్లల్ని లోపల పెట్టి తాళం వేస్తారా?

నిష్క్రమణ తలుపు లోపలివైపు నుంచి తాళంచెవి అవసరం లేకుండా తెరుచుకోవాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతోంది. కార్ఖానాలో మనుషులున్నప్పుడు తలుపుకు తాళం వేయరాదని 1948లో ఫ్యాక్టరీ చట్టం చేసినప్పుడే రాశారు. మగ్గం దగ్గర నిలబడ్డవాడి ప్రాణానికి విలువ ఉండి, అదే మనిషి నిద్రపోయేటప్పుడు లేకుండా పోతుందా? ఢిల్లీ అనాజ్ మండీలో 2019 డిసెంబరు 8న కార్ఖానాలో నిద్రపోతున్న కార్మికులు 43 మంది చనిపోయారు. ఎక్కువమందిని చంపింది మంట కాదు, పొగ. పొగలో తాళంచెవి వెతికే వ్యవధి ఎవరికీ ఉండదు.

మన తప్పు కూడా చెప్పుకోవాలి. రాత్రి పాళీకి పోతూ, ఇంట్లోవాళ్ళని లేపడం ఎందుకని బయట తాళం వేసి పోయే సోదరులున్నారు. బీడీలు అప్పజెప్పి రావడానికి పసిపిల్లల్ని లోపల పెట్టి తాళం వేసే అక్కలున్నారు. మంచి మనసుతోనే చేస్తున్నారు, కాని ఇది ఈ రోజు నుంచే మానండి. లోపల గడియ పెట్టుకోనివ్వండి, తిరిగొచ్చాక తలుపు తట్టండి. నిద్ర చెడితే చెడనీ.

ఇక ఇన్సూరెన్స్. "మాలక్ పాలసీ తీసుకున్నాడు, మనకేం భయం" అని కొందరు అంటున్నారు. ఆ పాలసీ ఆయన గోడలకు! మీ కుట్టుమిషను, బీరువా కాలితే ఆయన పాలసీలో పైసా రాదు. 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ గృహ రక్ష' పాలసీ ఉంది. కిరాయిదారు ఇంటి సామానుకు మాత్రమే కూడా తీసుకోవచ్చు. అగ్నిప్రమాదానికి వర్తిస్తుంది. దొంగతనానికి మాత్రం, అలాంటి ప్రమాదం జరిగిన 7 రోజుల్లోపు దానివల్ల జరిగితేనే ఇస్తారు. ఏజెంటు ఇంకేదైనా చెబితే కాగితం మీద రాసిమ్మనండి.

రాత్రి గేటుకు తాళం వేయాలంటే లోపల నుంచి చేత్తో తీసే గడియ ఉండాలి, లేదా ప్రతి ఖోలీకి ఒక తాళంచెవి ఇవ్వాలి. మెట్లకింద బండ్లు పెట్టరాదు. దీనిపై మాలక్‌లకు, మహానగరపాలిక అగ్నిమాపక శాఖకు అర్జీ ఇస్తున్నాం. ఒంటరిగా అడిగినవాణ్ణి ఖోలీ ఖాళీ చేయమంటారు, అందుకే అర్జీ యూనియన్ పేరున పోతుంది. వచ్చే ఆదివారం ఆఫీసుకు సంతకానికి వచ్చేటప్పుడు మీ బిల్డింగులో ఎన్ని ఖోలీలు, ఎన్ని మెట్లదారులు, గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో రాసుకొని రండి.