డిస్కు లేదా... అయినా ఆన్ అవుతుంది!

మా అటక మీద ఓ పాత కంప్యూటరు ఉంది. హార్డ్ డిస్క్ పోయి మూడేళ్లయింది. సంక్రాంతికి ఇల్లు దులుపుతూ మా ఆవిడ 'పాత సామాన్ల వాడికి వేసేద్దాం' అంది. పది రోజులు గడువడిగాను.

డిస్కు పోతే కంప్యూటరు పోయినట్టే అనుకుంటాం. కానీ అది బీరువాలాంటిది. పనంతా చేసేది ప్రాసెసరు, ర్యామ్. అవి బాగుంటే బీరువా పక్కగదిలో ఉన్నా ఫర్వాలేదు. డిస్కులు బాగా ఖరీదైన 1980ల్లోనే డిస్కు లేని వర్క్‌స్టేషన్లు నడిచాయి. పాత కంప్యూటర్లతో బడుల్లో ల్యాబులు నడపడానికి బాగా అక్కరకొచ్చిన 'లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్ట్' 1999లో మొదలైంది.

అదెలాగంటారా? స్విచ్ వేయగానే నెట్‌వర్క్ కార్డు 'నాకో అడ్రసు ఇచ్చేదెవరు?' అని కేకేస్తుంది. సర్వరు ఓ ఐపీ నంబరిచ్చి, ఫలానా ఫైలు తెచ్చుకోమంటుంది. ముందు చిన్న లోడరు, దాని వెనకే లినక్స్ కెర్నెల్ వైరు మీదుగా వచ్చి ర్యామ్‌లో కూర్చుంటాయి. మిగతా ఫైళ్లు సర్వరులోనే ఉంటాయి. 'ఎన్ఎఫ్ఎస్' పద్ధతిలో వాటిని సొంత డిస్కులోవాటిలాగే వాడుకుంటుంది.

కెర్నెల్‌ని చిక్కించడం మాత్రం భలే సరదా. బ్లూటూత్ ఎందుకు, తీసెయ్. వైఫై, డిస్కు డ్రైవర్లు... అవీ వద్దు. ఆ ఊపులో నెట్‌వర్క్ కార్డు డ్రైవరూ తీసేశాను! కార్డులోని చిన్న ప్రోగ్రాం కెర్నెల్‌ని తెచ్చిపెట్టింది గానీ, ఆ తర్వాత సర్వరుతో మాట్లాడటానికి కెర్నెల్‌కి నోరు లేదు. రెండు రాత్రులు పోయాయి. మూడో రాత్రిని ఇంట్లోని రౌటర్ తినేసింది. నా సర్వరు కంటే ముందే అది అడ్రసు ఇచ్చేస్తోంది, ఫైలు సంగతి చెప్పకుండా. అడ్రసులిచ్చే పని దానికి మాన్పించాక దారికొచ్చింది.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి ఉచిత అప్‌డేట్లు ఆగాయి. కొత్త విండోస్ ఎక్కని కంప్యూటర్లు ఎన్నో మూలన పడుతున్నాయి. తుక్కుకి వేసేముందు ఈ దారీ చూడమంటాను. ఒక్క మంచి సర్వరుతో ఓ గదిలోని పాతవాటిని నడిపించొచ్చు. సర్వరు ఆగితే మాత్రం గదంతా ఆగుతుంది. కేబులు తప్పనిసరి, వైఫైని నమ్ముకోవద్దు.

తొమ్మిదో రోజు రాత్రి తెర వెలిగింది. మా అమ్మాయి తన పేరు టైప్ చేసి చూసుకుంది. మా ఆవిడ వచ్చి, 'దాని మొదటి పుట్టినరోజు ఫొటోలు వచ్చాయా?' అంది. రాలేదు. అవి ఆ పాత డిస్కుతోనే పోయాయి. ఇప్పుడు ఇంటి ఫైళ్లన్నీ సర్వరులో ఉన్నాయి, ప్రతి ఆదివారం బయటి డిస్కులోకి ఓ కాపీ తీస్తున్నాను. పాత డిస్కుని తుక్కుకి వేయలేదు. మా ఆవిడే బీరువాలో దాచింది.